రాతిలో ఆడేటామె పేరేంది?

(మండల కేంద్రంలో దళిత మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకిచ్చిన అంశం "మధ్యయుగాల గుడి శిల్పాల్లో నాట్యకత్తెలు". ఈ మాట వినంగనే ముందు వరుసలో కూర్చున్న పెద్దమ్మ ఒకామె, "బొమ్మల ముచ్చట మనకెందుకు బిడ్డా, కూలి రేట్ల ముచ్చట చెప్పరాదు" అన్నది. పెద్దమ్మ అడిగింది న్యాయమే. కానీ ఈ బొమ్మల ముచ్చట కూడా కూలి ముచ్చటే. గుడిలో సేవ చేసిన ఆడమనిషికి ఏడాదికి ఎన్ని వడ్లు కొలిచారు, ఆమెకు ఆట నేర్పిన మగమనిషికి ఎన్ని కొలిచారు, ఆ వడ్లు ఏ ఊళ్ళ నుంచి వచ్చాయి, ఆ ఊళ్ళలో మన వాడ ఎక్కడుంది - ఈ లెక్క రాతి మీద చెక్కి ఉంది. దాని దాకా పోదాం. ముందు మన పక్కనున్న రామప్ప నుంచి మొదలుపెడతా.

చూరు కింది ఆడవాళ్ళు

ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప గుడి ఉంది. 1213లో కట్టించినట్టు అక్కడి శాసనం చెప్తుంది. కట్టించినవాడు రేచర్ల రుద్రుడు, కాకతీయ గణపతిదేవుని సేనాని. 2021 జులై 25న యునెస్కో వాళ్ళు దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఆ రోజు పేపర్లన్నిటిలో ఫోటోలు వచ్చాయి. నీళ్ళ మీద తేలే ఇటుకల గురించి చిన్న పిల్లలు కూడా చెప్తారు. దాన్ని వదిలేద్దాం. మీరు తలెత్తి చూరు కిందికి చూడండి.

మండపం చూరు కింద, స్తంభాల మీంచి ఏటవాలుగా ముందుకు వంగి, పన్నెండు మంది నల్లరాతి ఆడవాళ్ళు కనబడతారు. గుడి గోడలు ఎర్ర ఇసుకరాయి. ఈ ఆడవాళ్ళు మాత్రం నల్లని గట్టిరాయి. అద్దం లెక్క నున్నగా మెరుస్తుంటారు. మెడలో హారాలు, నడుముకు వడ్డాణం, కాళ్ళకు అందెలు. ఒకామె చేతిలో పాము ఉంటుంది. ఒకామె కాళ్ళకు చెప్పులుంటాయి. వీళ్ళను మదనికలంటారు.

అయితే ఇక్కడ ఒక మాట. చూరు కింద నిలబడ్డ ప్రతి ఆడబొమ్మా నాట్యకత్తె కాదు. అద్దంలో ముఖం చూసుకునేది ఉంటుంది, చెట్టు కొమ్మ పట్టుకునేది ఉంటుంది, వేటకు పోయేది ఉంటుంది. మరి ఆడే మనిషిని ఎట్లా గుర్తుపట్టాలి? మోకాళ్ళు రెండు పక్కలకు వంగి ఉన్నాయా చూడండి. ఒక కాలు లేచి ఉందా, నడుము ఒక దిక్కు, తల ఇంకో దిక్కు తిరిగి ఉన్నాయా చూడండి. అన్నిటికంటే పక్కా గుర్తు, పక్కన మద్దెల ఉందా చూడండి. వాయించే మనిషి పక్కనుంటే అది ఆటే. రామప్ప లోపలికి పోతే మండపం నడుమ స్తంభాల మీదా, దూలాల మీదా అట్లాంటి బొమ్మలు వరుసగా ఉంటాయి. ఆడేవాళ్ళు, పక్కన మద్దెలలు కొట్టేవాళ్ళు. ఆ మండపానికి రంగమండపం అనే పేరే ఉంది. దేవుని ముందర నిజం మనుషులు ఆడిన జాగా అది.

అంటే ఈ బొమ్మలు శిల్పి పడుకొని కన్న కల కాదు. కాకతీయుల కాలంలోనే జాయప సేనాని అనే ఆయన, గణపతిదేవుని ఏనుగుల దళానికి అధిపతి, 1253-54 ప్రాంతంలో "నృత్తరత్నావళి" అని సంస్కృతంలో పుస్తకం రాశాడు. ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగూ శాస్త్రం చెప్పిన మార్గ పద్ధతి. తక్కిన నాలుగూ దేశి. దేశి అంటే జనంలో నడిచే ఆటలు. అందులో కోలాటమూ ఉంది, పేరిణీ ఉంది. సగం పుస్తకం జనం ఆటలతో నింపక తప్పలేదు ఆయనకు. అంత ఆట ఉండబట్టే రాతిలోకి ఎక్కింది.

ఆ నాట్యశాస్త్ర పుస్తకాల్లో ఆడే మనిషిని ఏమని పిలుస్తారో తెలుసా? "పాత్ర". మనం వంటింట్లో వాడే మాటే. తనకంటూ ఏమీ లేనిది, పోసింది పట్టేది పాత్ర. ఆ మనిషి ఇట్లా ఉండాలి, ఇంత వయసుండాలి, నడుము ఇట్లుండాలి, కళ్ళు ఇట్లుండాలి అని లక్షణాలు రాశారు. శిల్పాలు ఆ లక్షణాలకు సరిపోయేటట్టే ఉంటాయి. పన్నెండు మందిలో ఒక్క ముసలామె లేదు. బిడ్డను కడుపుతో మోసే ఆమె లేదు. ఇరవై ఏళ్ళు రాతి నేల మీద అడుగులేసిన మనిషికి మడమలు పగలవా, మోకాళ్ళు అరగవా? ఆ కాళ్ళు ఎక్కడా కనబడవు. అందం చెడిపోకుండా అక్కడే ఆపేశారు.

మదనిక అనేది పేరా?

ఒకసారి మా బడి పిల్లల్ని రామప్పకు తీసుకుపోయాను. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి గైడును అడిగింది, "సార్, ఈమె పేరేంది?" అని. "మదనిక" అన్నాడాయన. "మరి ఆ పక్కామె?" "ఆమె కూడా మదనికే". ఆ పిల్ల ఊరుకోలేదు. "అందర్నీ ఒక్కటే పేరుతో పిలుస్తరా సార్? మా ఇంట్ల నలుగురం ఆడపిల్లలం, నలుగురికీ పేర్లున్నయి" అన్నది. పిల్లలంతా నవ్వారు. గైడు కూడా నవ్వి ముందుకు పోయాడు. ఎనిమిది వందల ఏళ్ళుగా ఈ ప్రశ్న అడగాల్సినవాళ్ళు అడగలేదు. ఒక కూలి మనిషి బిడ్డ అడిగింది.

పేర్లు చెక్కే అలవాటు ఆ రోజుల్లో లేదేమో అని మీరు అనుకోవచ్చు. ఉంది. కర్ణాటకలో బేలూరు గుడి చూడండి. హొయసళ విష్ణువర్ధనుడు 1117లో కట్టించిన చెన్నకేశవ ఆలయం. అక్కడ చూరు కింద ఇట్లాంటి మదనికలు నలభైకి దగ్గరగా ఉన్నాయి. వాటి కింద సంతకాలున్నాయి. బళ్ళిగావె దాసోజ, ఆయన కొడుకు చావణ - తాము చెక్కిన బొమ్మల కింద తమ పేర్లు చెక్కుకున్నారు. మంచిదే. ఉలి పట్టిన మనిషి తన పేరు రాసుకోవడం నాకు సంతోషమే. రాజుల పేర్లే మిగిలిన దేశంలో పనివాడి పేరు మిగలడం చిన్న సంగతి కాదు. కానీ ఏ మనిషి ఆట చూసి ఆ భంగిమ చెక్కారో ఆ మనిషి పేరు మాత్రం ఆ సంతకం పక్కన లేదు. బేలూరు గైడ్లు ఒక కథ చెప్తుంటారు. అద్దం చూసుకునే ఆ సుందరి విష్ణువర్ధనుని రాణి శాంతలే అని. చూశారా! రాతిలోని ఆడదానికి ఒక పేరు పెట్టాల్సి వస్తే రాణి పేరే గుర్తుకొస్తుంది. రోజూ పొద్దున, సాయంత్రం ఆడిన మనిషి ఎవరికీ గుర్తుకు రాదు.

చెప్పులున్న రాతి ఆడది

రామప్పలో చెప్పులు తొడుక్కున్న మదనిక గురించి చెప్పాను గదా. ఆమె దగ్గర గైడ్లు ఎక్కువసేపు ఆగుతారు. "చూడండి, ఎనిమిది వందల ఏళ్ళ కిందటే మన ఆడవాళ్ళు హైహీల్స్ వేసుకున్నారు" అంటారు. అందరూ ఫోన్లు తీసి ఫోటోలు కొడతారు. మీరు ఆ ఫోటో దగ్గర ఆగి రెండు ప్రశ్నలు అడగండి.

ఒకటి. ఆ చెప్పులు ఎవరు కుట్టారు? తోలు ఊరకే చెప్పు కాదు. చచ్చిన గొడ్డును మోసి, తోలు ఒలిచి, సున్నం పెట్టి, తంగేడు చెక్క నీళ్ళలో నానబెట్టి, ఆ వాసన భరించి, ఆరబెట్టి, కోసి, కుడితే చెప్పు. ఆ పని చేసింది మాదిగలు. ఆటకు ప్రాణం మద్దెల అన్నాను గదా. ఆ మద్దెల మూత కూడా తోలే. వారు బిగించింది కూడా తోలే. తోలు శుద్ధి చేసిన చేతులు లేకపోతే తాళం లేదు, తాళం లేకపోతే ఆట లేదు. చెక్కడానికి ఉలి కావాలి, ఉలికి కమ్మరి కొలిమి కావాలి. కొండ నుంచి రాయి పగలగొట్టి, లాగి, గుడి దాకా తెచ్చిన భుజాలు కావాలి. ఇంత మంది కలిస్తే ఆ నల్లరాతి ఆడది నిలబడింది. శాసనంలో వీళ్ళెవరూ లేరు.

రెండో ప్రశ్న. గుడి చూరు కింద రాతి ఆడది చెప్పులతో నిలబడొచ్చు. ఆ చెప్పు కుట్టిన మనిషి? మన వాడల్లో ఎనభై ఏళ్ళ తాతల్ని అడగండి. దొర గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పి చేతిలో పట్టుకొని పోయిన రోజులు చెప్తారు. చెప్పు కుట్టినవాడు చెప్పు తొడగరాదు. గుడిలో మోగే మద్దెలకు తోలు ఇచ్చినవాడు గుడి గడప తొక్కరాదు. 1936లో తిరువాంకూరు రాజు ప్రకటన, 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం, 1950లో బాబాసాహెబ్ రాసిన రాజ్యాంగం - ఇవన్నీ రావాల్సి వచ్చింది మన తోలు పోయిన చోటికి మనం పోవడానికి. కాబట్టి "మన ఆడవాళ్ళు హైహీల్స్ వేసుకున్నారు" అని గైడు అన్నప్పుడు ఆ "మన" ఎవరని అడిగే హక్కు మనకుంది.

తంజావూరు గోడ మీది లెక్క

ఇప్పుడు పెద్దమ్మ అడిగిన కూలి లెక్కకు వస్తా. రామప్పలో ఆడినవాళ్ళ పేర్లు మనకు దొరకవు. దొరికే చోటు తమిళ దేశంలో ఉంది. తంజావూరు పెద్దగుడి. రాజరాజ చోళుడు 1010లో పూర్తి చేయించాడు. ఆ గుడి గోడల మీద లెక్కల పుస్తకం చెక్కించాడు. 1014 ప్రాంతపు శాసనం ఒకదాంట్లో నాలుగు వందల మంది గుడి ఆడవాళ్ళ జాబితా ఉంది. తమిళంలో వాళ్ళను "తళిచ్చేరి పెండుగళ్" అన్నారు. గుడి వీధి ఆడవాళ్ళు అని అర్థం. రాజ్యంలోని వేరే వేరే గుళ్ళ నుంచి వాళ్ళను అక్కడికి తరలించారు. ఏ వీధి, ఏ వరుస, ఎన్నో ఇల్లు, ఏ ఊరి గుడి నుంచి వచ్చింది, పేరేంది - ఒక్కొక్కరిదీ రాశారు. ప్రతి పేరు ముందూ "నక్కన్" అని ఉంటుంది. ఒక పేరు "ఎడుత్తపాదం". ఎత్తిన పాదం అని. శివుని ఆటలో లేచిన పాదం పేరు ఆడపిల్లకు పెట్టుకున్నారు.

వాళ్ళకిచ్చింది ఎంత? తలకు ఒక ఇల్లు, ఒక వాటా. వాటా అంటే ఏడాదికి నూరు కలాల వడ్లు. నాలుగు వందల మందికి కలిపి నలభై వేల కలాలు. అదే జాబితాలో ఆట నేర్పే మగవాళ్ళున్నారు. వాళ్ళకు తలకు రెండు వాటాలు. ఆడే ఆమెకు నూరు, ఆడించే ఆయనకు రెండు నూర్లు! పెద్దమ్మా, నాట్లేసే ఆడదానికి ఒక కూలి, గట్టు మీద నిలబడ్డ మేస్త్రికి ఒక కూలి. వెయ్యేళ్ళ కింద కూడా ఇదే లెక్క.

ఇంకా ఉంది. ఆ వడ్లు ఆకాశం నుంచి రాలేదు. గుడికి రాసిచ్చిన ఊళ్ళ పేర్లు కూడా అదే గుడి గోడల మీద ఉన్నాయి. ప్రతి ఊరికీ మొత్తం భూమి ఇంత అని చెప్పి, అందులోంచి పన్ను కట్టనక్కరలేని జాగాలు తీసేస్తారు. చెరువు, కాలువ, శ్మశానం, వాటితో పాటు "పరైచ్చేరి". పరైచ్చేరి అంటే పరైయరుల వాడ, మన మాలపల్లె, మాదిగపల్లె లాంటిది. ఇంకో మాట "తీండాచ్చేరి". తాకరాని వాడ అని. వెయ్యేళ్ళ కింద రాజు తన చేత్తో రాయించిన పత్రం. ఊరు వేరే, వాడ వేరే అని శ్మశానం పక్కన లెక్కగట్టి రాయించాడు. అంటరానితనం నిన్నా మొన్నా ఇంగ్లీషువాడు తెచ్చాడని వాదించే పెద్దమనుషులకు ఆ గోడ చూపించండి.

ఆ వాడ మనుషులు దున్నిన మళ్ళ నుంచే వడ్లు గుడికి పోయాయి. ఆ వడ్లే ఎడుత్తపాదం ఇంటికి పోయాయి. గుడి ఆడది, వాడ మనిషి, ఒకే గోడ మీద ఉన్నారు. ఆమెకు పేరుంది, ఇంటి నంబరుంది. వాడకు పేరు లేదు, కొలత మాత్రం ఉంది.

మరి ఆ గుడిలో శిల్పం ఏం చెప్తుంది? పై అంతస్తులో గర్భగుడి చుట్టూ నాట్యశాస్త్రంలోని 108 కరణాలను చెక్కడం మొదలుపెట్టారు. కరణం అంటే కాలూ చెయ్యీ కలిసిన ఒక ఆటతీరు. 81 చెక్కి ఆపేశారు. తక్కిన రాళ్ళు ఇప్పటికీ ఖాళీగా ఉన్నాయి. ఆ 81లోనూ ఆడుతున్నది ఎవరనుకున్నారు? శివుడు. నాలుగు చేతుల దేవుడు. కింద గోడ మీద రాతలో నాలుగు వందల మంది ఆడవాళ్ళు, పైన శిల్పంలో ఒక్క మగదేవుడు. తర్వాతి కాలంలో చిదంబరం గోపురాల లోపల ఈ కరణాలను ఆడవాళ్ళ రూపంలో చెక్కారు. అక్కడ రూపం వచ్చింది, మనిషి పేరు రాలేదు.

ఈ ఆడవాళ్ళ బతుకు అంతా బంగారమని నేను చెప్పడం లేదు. అదే చోళ దేశంలో మనుషుల్ని గుడికి అమ్మిన పత్రాలు కూడా రాతి మీద ఉన్నాయి. ఇల్లూ వాటా ఉన్నదాన్ని పట్టుకొని స్వతంత్రురాలు అనడానికి లేదు. దేవదాసి అనే ఒక్క మాటతో అందర్నీ ఒక గాటన కట్టి చెడిపోయినవాళ్ళు అనడానికీ లేదు. వాళ్ళు పనిమనుషులు. ఆ పనికి నేర్పు కావాలి. ఆ నేర్పు ఎంతదో చూడాలంటే ఆ రాళ్ళు చూస్తే చాలు.

సాని అంటే ఎవరు?

మన తెలుగు శాసనాల్లో గుడి ఆడవాళ్ళను ఏమన్నారు? సాని. గుడిసాని. గుడి శాసనాల్లో "సానిమున్నూరు" అనే మాట వస్తుంది. మూడు వందల మంది సానుల కూటం. గుడిలో అఖండ దీపానికి గొర్రెల్ని దానమిచ్చిన సానులున్నారు. అడుక్కునే మనిషి గొర్రెల మందను దానమియ్యదు గదా.

సాని అనే మాట ఎక్కడిది? స్వామిని. యజమానురాలు, గౌరవం గల ఆడమనిషి. ఆ గౌరవం మన మాటల్లో ఇప్పటికీ ఉంది. దొర భార్యను దొరసాని అంటాం. బిడ్డను భూమ్మీదికి తెచ్చే తల్లిని మంత్రసాని అంటాం. కానీ వట్టి "సాని" అంటే? వీధిలో తిట్టు! ముందర దొర ఉంటే గౌరవం, ఎవరూ లేకుండా ఆడది ఒక్కతే నిలబడితే బూతు. ఒక మాట ఎట్లా దిగజారిందో చూస్తే ఆ మనుషుల్ని ఎట్లా దిగజార్చారో తెలుస్తుంది.

1947లో మద్రాసు శాసనసభ దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం చేసింది. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి. ఆ చట్టంలో బోగం, కళావంతుల, సాని, నాగవాసులు అని పేర్లు వరుసగా రాసి ఉన్నాయి. ఆడపిల్లల్ని దేవునికి కట్టబెట్టడం ఆపాలని డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ఏళ్ళ తరబడి పోరాడింది. ఆమె తల్లి కూడా ఆ కుటుంబాల నుంచి వచ్చినామే. ఆపాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ పోరాటం నడుస్తున్న రోజుల్లోనే ఇంకొకటి జరిగింది. ఆ ఆట కులం మారింది. 1935లో రుక్మిణీదేవి మద్రాసు అడయారులో ఆడింది, 1936లో కళాక్షేత్రం పెట్టింది. సదిరు అని పిలిచిన ఆట భరతనాట్యమైంది. సాని ఆడితే పాపం, అయ్యరుగారి అమ్మాయి ఆడితే సంస్కృతి!

ఇక్కడే రాతి బొమ్మలు పనికొచ్చాయి. ఈ ఆట ఎక్కడిది అని ఎవరైనా అడిగితే సానివాడ వైపు వేలు చూపించడానికి సిగ్గయింది. చిదంబరం గోపురం వైపు చూపించారు. రాతిని గురువు అన్నారు. కాళ్ళు కొట్టి నేర్పిన ముసలితల్లులు బతికే ఉన్నారు. వాళ్ళు గురువులు కాలేదు. రాయికి కులం అడగరు, అంటు అడగరు. రాయి వాటా అడగదు.

అందరూ ఒకటే అనను. మన తెలుగు నేలలో నటరాజ రామకృష్ణ గారు - 2011లో కన్నుమూశారు - ఆ ముసలితల్లుల దగ్గరికే పోయి నేర్చుకొని ఆంధ్రనాట్యాన్ని నిలబెట్టారు. రామప్ప బొమ్మలు చూసి, జాయప పుస్తకం చదివి పేరిణిని మళ్ళీ ఆడించారు. రాతినీ, మనిషినీ రెంటినీ అడగొచ్చు అనడానికి అదొక ఉదాహరణ.

మన వాడలో ఆడే ఆమె

ఇంతసేపూ చెప్పిన గుడిసానులు, కళావంతులు మన వాడవాళ్ళు కారు. అది స్పష్టంగా చెప్పుకోవాలి. పెద్ద గుడి లోపల ఆడడానికి కూడా మన ఆడపిల్లలకు అర్హత లేదు. కానీ దేవుని పేరు చెప్పి మన ఆడపిల్లల్ని వదల్లేదు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ దిక్కు జోగిని. కర్నూలు, అనంతపురం దిక్కు బసివిని. చిత్తూరు దిక్కు మాతమ్మ. పేరు ఏదైనా పిల్ల మాత్రం ఎక్కువగా మాల ఇంటిదో, మాదిగ ఇంటిదో. ఎల్లమ్మకో పోచమ్మకో పెళ్ళి చేశామంటారు, అనుభవించేది ఊరి పెద్దలు. గుడిసానికి ఇల్లూ వడ్లూ అయినా రాసిచ్చారు. జోగినికి రాసిచ్చింది ఏముంది?

ఆమె కూడా ఆడుతుంది. జాతరలో ఆడుతుంది. ఊరి పెద్ద చస్తే పాడె ముందర ఆడుతుంది. ఏ శిల్పీ ఆమెను చెక్కలేదు, ఏ యునెస్కో జాబితాలోనూ ఆమె లేదు. రామప్ప బొమ్మను చూసి "ఎంత అందం" అని కెమెరా ఎత్తే మనిషే, జాతరలో జోగినిని చూసి వెకిలిగా నవ్వుతాడు. అక్కడ ఆడదాని నడుమును కళ అంటాడు, ఇక్కడ చెయ్యేస్తాడు. రెండు కళ్ళు వేరు వేరు కాదు. రెండు చోట్లా ఆడమనిషి అంటే ఒళ్ళు తప్ప పేరు లేదు.

1936 జూన్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ బొంబాయిలో జోగినులు, దేవదాసీలు, మురళీలు అని పిలవబడే ఆడవాళ్ళ సభలో మాట్లాడాడు. ఆ బతుకు వదిలేసి రండి, కష్టమైనా గౌరవంగా బతకండి అని పిలిచాడు. మనకు తొవ్వ చూపించింది ఆ మాట. 1980లలో నిజామాబాద్ జిల్లా వర్నిలో కూర్చొని జోగినుల కోసం పనిచేసినామె హేమలతా లవణం. మన జాషువా కవి బిడ్డ. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం తెచ్చింది. జోగిని, బసివి, మాతమ్మ, ఏ పేరుతో చేసినా నేరమే.

ఆ చట్టంలో ఒక సంగతి మీరు గమనించాలి. తంతు జరిపించినవాళ్ళకు జైలు, జరిమానా ఉన్నాయి. పిల్లను ఇచ్చింది కన్నవాళ్ళూ, బంధువులూ అయితే శిక్ష ఇంకా ఎక్కువ. పైకి న్యాయంగానే కనబడుతుంది. కానీ ఆలోచించండి. అప్పులో మునిగిన మాదిగ తండ్రి మీద పెద్ద శిక్ష. "అమ్మవారు అడుగుతుంది, ఇయ్యకపోతే ఊరికి అరిష్టం" అని వెనకుండి ఒత్తిన పెద్దమనిషి పేరు కేసులోకి ఎక్కించాలంటే మనం గట్టిగా నిలబడితే తప్ప ఎక్కదు. కేసు పెట్టేటప్పుడు ఆ పేరు రాయించండి. తంతు జరిపిన పూజారి పేరు, విందుకు డబ్బులిచ్చిన ఆసామి పేరు, కూర్చొని చూసిన పెద్దల పేర్లు, అన్నీ రాయించండి. పేరు రాయించడం ఎంత పెద్ద సంగతో ఇంతసేపూ అదే చెప్పుకున్నాం.

చేయాల్సిన పనులు

ఉపన్యాసం విని చప్పట్లు కొట్టి పోవడం కాదు, నాలుగు పనులు చెప్తా.

ఒకటి. గుళ్ళు చూడ్డానికి పొండి. పిల్లల్ని తీసుకొని పొండి. మన చెమట అక్కడుంది, దాని మీద మనకు హక్కుంది. దండం పెట్టడం, పెట్టకపోవడం మీ ఇష్టం. ఆడే బొమ్మ కనబడితే ఆగి చూడండి. పక్కన మద్దెల చూపించి దీనికి తోలు ఎవరిచ్చారో పిల్లలకు చెప్పండి. గైడును అడగండి - రాయి ఎవరు మోశారు, ఆడినామె ఎవరు, ఆమెకు ఏమిచ్చారు? ఆయనకు తెలియకపోతే తిట్టకండి. పదిమంది అడిగితే పదకొండో మనిషి కోసం ఆయనే తెలుసుకొని పెట్టుకుంటాడు.

రెండు. మీ ఊళ్ళలో వయసు మళ్ళిన జోగినులున్నారు. వాళ్ళ దగ్గర పాటలున్నాయి, అడుగులున్నాయి. కూర్చొని వినండి, రాసుకోండి. వాళ్ళు ఒప్పుకుంటే పేరుతో రాయండి, వద్దంటే పేరు లేకుండా రాయండి. పేరు చెప్పాలా వద్దా అనేది ఆమె నిర్ణయం. మన సంఘం కూడా ఆమెను అడగకుండా ఆమె కథను సభల్లో వాడుకోవద్దు. అట్లా వాడుకుంటే మనం కూడా ఆమెను బొమ్మను చేసినట్టే.

మూడు. ఇది టీచరుగా నా తోటి టీచర్లకు చెప్తున్నా. జోగిని బిడ్డ బడిలో చేరడానికి వస్తే తండ్రి పేరు కోసం ఆ పిల్లను పదిమందిలో నిలబెట్టకండి. తల్లి పేరు రాయండి. ఫారంలో గడి ఖాళీగా ఉంటే ఆకాశం ఊడిపడదు. ఆ గడి దగ్గర తల దించుకున్న పిల్లలు మళ్ళీ బడికి రాకపోవడం నేను చూశాను.

నాలుగు. ఎక్కడ పిల్లను జోగినిని చేస్తారని తెలిసినా ముందు రోజే కదలండి. తంతు అయ్యాక ఏడ్చి లాభం లేదు. పోలీసులకు చెప్పండి, తహసీల్దారుకు చెప్పండి. వాళ్ళు వచ్చేలోపు ఆ పిల్ల ఇంటి ముందర మీరు పదిమంది ఆడవాళ్ళు పోయి కూర్చోండి.

మన ఆడపిల్లలు ఆడాలి. బాగా ఆడాలి. బడి వార్షికోత్సవంలో ఆడాలి, పెద్ద స్టేజీల మీద ఆడాలి. ఇష్టమై ఆడాలి, కూలి తీసుకొని ఆడాలి, వద్దనిపిస్తే ఆపేయగలగాలి. స్టేజీ కింద బోర్డు మీద ఆమె పేరు, తల్లి పేరు, ఊరి పేరు రాయాలి. తప్పులు లేకుండా రాయాలి.

జై భీమ్!